పుట్టింటి ఇంటిపేరు తిరిగి పెట్టుకునే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

విడాకుల డిక్రీ వచ్చిందనీ, మన ఇంటిపేరే మళ్ళీ పెట్టుకోదలచావనీ మీ అమ్మ చెప్పింది. పెళ్ళయితే భార్య ఇంటిపేరు మారి తీరాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు కనుక, వెనక్కి మార్చుకోవడానికి నీవు ఎవరి అనుమతీ కోరనక్కరలేదు. ఫ్యామిలీ కోర్టులో డిక్రీ సర్టిఫైడ్ కాపీలు మాత్రం మూడు నాలుగు తీసుకో.

ఏ దరఖాస్తూ నింపకముందే పదో తరగతి మెమో ఎదురుగా పెట్టుకుని, అందులో ఇంటిపేరు ముందుందా వెనక ఉందా, పొడి అక్షరమా పూర్తి పేరా, 'లక్ష్మి' చివర ఐ ఉందా వై ఉందా అన్నది అక్షరం అక్షరం చూసి, ఇకపై అన్నిచోట్లా అలాగే వ్రాయి. ఇంత చాదస్తం ఎందుకంటే, ఆధార్‌లో పేరు మార్పుకు జీవితంలో రెండే అవకాశాలు. పెళ్ళప్పుడు ఒకటి వాడేశావు. మిగిలిన ఆ ఒక్కదానిలో అక్షరం తప్పితే ప్రాంతీయ కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది. ఆధార్ చిరునామా పైన మాజీ భర్త పేరుంటే అదీ తీయించు.

డిక్రీలో సాధారణంగా అత్తింటి పేరే ఉంటుంది. కాబట్టి, చూడబుద్ధి కాకపోయినా పెళ్ళి సర్టిఫికెట్ పారేయకు. పాత పేరూ కొత్త పేరూ ఒకే మనిషివని చూపడానికి అది అక్కరకొస్తుంది. అదీ చాలదంటే నోటరీ అఫిడవిట్, పత్రికల్లో ప్రకటన, ఆపైన గెజిట్.

ఆధార్ తరువాత పాన్, ఆ తరువాత బ్యాంకు, పీఎఫ్. ఆధార్‌లో పేరూ పాన్‌లో పేరూ కలవకపోతే ఆ రెంటి అనుసంధానం దగ్గరే పని ఆగుతుంది. నామినీ పేరు మార్చడం మరవకు. నేను పేరు మార్చుకున్నప్పుడు పొదుపు ఖాతా మార్చి ఫిక్స్‌డ్ డిపాజిట్ సంగతి మరచిపోయాను. గడువు తీరిన రోజున, రసీదులో ఉన్నది నేనేనని నిరూపించుకోవడానికి కౌంటరు ముందు ఒక పూట నిలబడ్డాను. పాస్‌పోర్టు తిరిగి జారీ చేయించుకోవాలి. 2016 డిసెంబరులో సడలించిన నిబంధనల వల్ల దరఖాస్తులో మాజీ భర్త పేరు వ్రాయనక్కరలేదు.

బాబు ఇంటిపేరు వేరే వ్యవహారం, తండ్రి హక్కుతో ముడిపడినది, దీనితో కలపకు.

ఆదివారం వస్తే నా అఫిడవిట్ నకలు ఇస్తాను. వచ్చేటప్పుడు మెమో తీసుకురా, జిరాక్సు కాదు, అసలుది.

ఇట్లు,
పెద్దమ్మ