బోర్డు పేరు చదివాకే ప్రాసెసర్ బేరం

విశాఖపట్నం

చిరంజీవి శీనుకి మావయ్య ఆశీస్సులు.

నీ కంప్యూటర్‌లో ఐ3-2120 ప్రాసెసర్ తీసేసి పాత ఐ7 వేస్తానంటున్నావు. వెయ్యొచ్చు. కానీ లోపల ఇంకా హార్డ్ డిస్కే ఉండి, ర్యామ్ 4 జీబీయే అయితే ముందు హార్డ్ డిస్క్ బదులు వేగమైన ఎస్‌ఎస్‌డీ, ఇంకో డీడీఆర్3 ర్యామ్ స్టిక్ కొను. విండోస్ తెరుచుకునేదాకా టీ తాగి రావాల్సి వస్తోందంటే ఆ పాపం ప్రాసెసర్‌ది కాదు. ఆ రెండూ ఉన్నాకే ఈ ఉత్తరం మిగతాది చదువు.

క్యాబినెట్ పక్క రేకు విప్పి, మదర్‌బోర్డు మీద అచ్చేసిన మోడల్ పేరు రివిజన్ నంబరుతో సహా ఫొటో తీసుకో. నీ బోర్డుది హెచ్61 చిప్‌సెట్, ప్రాసెసర్ కూర్చునే సాకెట్ 1155. అందులోకి రెండో తరం, మూడో తరం ఇంటెల్ చిప్‌లే (ప్రాసెసర్లే) వెళ్తాయి. నాలుగో తరానిది 1150, గాడి చోటే వేరు, కూర్చోదు. అలాగని కూర్చున్నదల్లా పనిచేస్తుందనీ లేదు. ఆరో తరానికీ ఎనిమిదో తరానికీ సాకెట్ పేరు 1151యే, అయినా ఎనిమిదో తరం చిప్ ఆరో తరపు హెచ్110 బోర్డు మీద లేవదు. అందుకే బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ తెరిచి, నువ్వు కొనబోయే చిప్‌కి ఎదురుగా ఏ బయోస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని లేపే సాఫ్ట్‌వేర్) వెర్షన్ రాసుందో చూడు. మొదట్లో వచ్చిన హెచ్61 బోర్డులు మూడో తరాన్ని గుర్తుపట్టవు. పాత ఐ3 ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసెయ్యి. చిప్ మార్చాక తెర నల్లగా ఉండిపోతే మళ్లీ ఐ3నే పెట్టాలి, ఆ విప్పుడూ బిగింపూ దండగ. అప్‌డేట్ సగంలో కరెంటు పోతే బోర్డు పోయినట్టే. యూపీఎస్ లేకుండా, ఈదురుగాలి వీచే సాయంత్రం ఆ పని ముట్టుకోకు.

చదువుకీ, ఆఫీసు ఫైళ్లకీ, సినిమాలకీ ఐ5-3470 చాలు: నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). వీడియో ఎడిటింగ్ చేస్తేనే ఐ7-3770, దానికి థ్రెడ్లు ఎనిమిది. చివర 'కే' ఉన్నదానికి ఎక్కువ పొయ్యకు, హెచ్61 మీద ఓవర్‌క్లాక్ (మామూలు వేగాన్ని మించి నడపడం) కుదరదు. 3770 చివర 'టీ' ఉంటే 45 వాట్లది, వేగం తక్కువ. 3770 అనే చెప్పి ఆ అక్షరం మింగేసేవాళ్లుంటారు. ఇంటెల్ సర్వర్ చిప్ జియాన్ ఈ3-1230 వీ2 చవగ్గా కనిపిస్తే ఆశపడకు, అందులో గ్రాఫిక్స్ లేదు, విడిగా కార్డు కావాలి.

నన్నడిగితే ద్వారకానగర్, డైమండ్ పార్క్ వైపు దుకాణాల్లోనే చూడు. కొరియర్‌లో వచ్చేదానికన్నా కొంచెం ఎక్కువైనా, ఎదురుగా బోర్డు మీద పెట్టి చూపించమనొచ్చు. చిప్ చేతికిచ్చాక దాని లోహపు మూత మీద చెక్కిన కోడ్ చదువు: 3770కి ఎస్‌ఆర్‌0పీకే, 3470కి ఎస్‌ఆర్‌0టీ8. ‘ఇంటెల్ కాన్ఫిడెన్షియల్’ అని ఉంటే అది పరీక్షల కోసం చేసిన నమూనా, వదిలెయ్. మూత మీద గీతలుంటే ఫర్వాలేదు. తిరగేసి వెలుతురులో చూడు. బంగారు చుక్కల మధ్య ఉండే చిన్న కెపాసిటర్లలో ఒక్కటి ఊడినా వద్దు.

పెట్టి చూపించేటప్పుడు చిప్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో కోర్లు, థ్రెడ్లు లెక్క సరిపోవాలి. రెండు ర్యామ్ స్లాట్లలోనూ స్టిక్కులు పెట్టించు. ఒకటే కనిపిస్తే చిప్‌లో మెమరీ ఛానల్ పోయి ఉండొచ్చు, లేదా వాళ్ల సాకెట్‌లో పిన్ను వంగి ఉండొచ్చు. ఇంకో చిప్ పెట్టమంటే తేలిపోతుంది. తర్వాత చిప్‌కి బరువు పని పెట్టే ప్రైమ్95 ప్రోగ్రామ్ పావుగంట తిప్పించు.

ఇంటికొచ్చాక పాత కూలర్ పీకే ముందు కంప్యూటర్ పది నిమిషాలు నడిపి ఆపు, చిప్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే పేస్ట్ మెత్తబడుతుంది. ప్లగ్ తియ్యడం మరచిపోకు. కూలర్ కాళ్లు బాణం వైపు పావు చుట్టు తిప్పి లాగు, బిగించే ముందు మళ్లీ వెనక్కి తిప్పు. సాకెట్‌లో పిన్నులకి వేలు తగలనివ్వకు, గుడ్డ అసలే వద్దు, ఒక్క పోగు చాలు పిన్ను లాగెయ్యడానికి. చిప్‌ని గాళ్లకి సరిగ్గా పట్టి వదిలెయ్, నొక్కకు. లివర్ దించేటప్పుడు కిర్రుమంటుంది, కంగారుపడకు. పేస్ట్ శనగ గింజంత. కాళ్లు ఎదురెదురు మూలలు నొక్కి, బోర్డు వెనక నాలుగూ బయటికొచ్చాయో లేదో చూడు. ఒకటి వదులైతే బరువు పని పెట్టగానే వేడి 100 డిగ్రీలు దాటి వేగం పడిపోతుంది.

ఐ3తో వచ్చిన పొట్టి అల్యూమినియం కూలర్‌ని 77 వాట్ల ఐ7 మీద పెట్టకు. మూడో తరంలో మూత కింద సోల్డర్ కాదు, పేస్టే ఉంటుంది కాబట్టి వేడి ఎక్కువే. మన ఊరి మే నెల ఉక్కపోత దానికి తోడు. మధ్యలో రాగి దిమ్మ ఉన్న పొడుగు కూలర్ పాతదైనా అడిగి తీసుకో. ప్రైమ్95లో వేడి 85 డిగ్రీలు దాటకపోతే నిశ్చింత.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 11కి ఈ చిప్‌లు అధికారికంగా పనికిరావు. విండోస్ బదులు లినక్స్ మింట్ వేసుకుంటావో ఏమో ముందే తేల్చుకో.

పాత ఐ3ని నెల రోజులు అమ్మకు. కంప్యూటర్ మొరాయిస్తే తప్పు చిప్‌దో బోర్డుదో తేల్చడానికి అదే కావాలి.

ఇట్లు,
మావయ్య