కిడ్నీలు పోయిన ముసలి కుక్క, చేతిల పైసలు లేవు: ఏం చేయాలె అని అడిగిన చెల్లెకు

చెల్లె, నువ్వు రాసింది మొత్తం చదివిన. నర్సంపేట దగ్గర ఊరు, నాన్న హమాలీ, నువ్వు డిగ్రీ చదువుతున్నవు, ఇంట్ల పన్నెండేండ్ల కుక్క. హన్మకొండల ప్రైవేటు డాక్టరు రక్త పరీక్ష చేసి క్రియాటినిన్ (కిడ్నీలు వడపోయాల్సిన మలినం రక్తంల ఎంత మిగిలిందో చెప్పే అంకె) 8 దాటింది, అడ్మిట్ చేసి సెలైన్లు ఎక్కియ్యాలె, వేలల్ల అయితది అన్నడు. ఇంట్లోళ్లు "కుక్కకు గంత ఖర్చా" అంటున్నరు. నొప్పి లేకుంట ప్రాణం పోయేటట్టు సూది వేయిస్తే పాపమా అని అడిగినవు. "పైసలు లేక నేనే దాన్ని చంపుకుంటున్ననా" అని కూడా అడిగినవు.

కాదు. ముందు ఈ మాట మనసుల పెట్టుకొని మిగిలింది చదువు. మెల్లమెల్లగ పాడైన ముసలి కిడ్నీలు లక్షలు పోసినా మళ్లీ బాగుపడయి. పైసలున్నోళ్ల ఇండ్లల్ల కూడా ఈ జబ్బుతోటి కుక్కలు పోతనే ఉన్నయి. పైసలతోటి కొంత కాలం దొరకొచ్చు. ఆ కాలం కుక్కకు ఎట్ల గడుస్తది అన్నదే అసలు సంగతి.

మాది వరంగల్ కొత్తవాడ. మా ఆయన దర్రీలు నేస్తడు, నేను బట్టలు కుడుత. మా జిమ్మి పమేరియన్, మా బిడ్డ బడికి పోకముందు నుంచి మా ఇంట్లనే పెరిగిండు. వానికి కూడా ఇదే జబ్బు. మొదలు నీళ్లు మస్తు తాగుడు, మాటిమాటికి ఒంటేలు పోసుడు. ఇంట్ల ఎన్నడూ తడపనోడు తలుపు కాడికి పోయేసరికే ఆపుకోలేకపోయేటోడు. తర్వాత సన్నబడ్డడు, నోరు వాసన మొదలైంది, ఆఖరికి కోడికూర అన్నం ముందట పెట్టినా మూతి పక్కకు తిప్పుకునుడు. "ముందే ఎందుకు గుర్తుపట్టలేదో" అని నువ్వు బాధపడుతున్నవు కదా, మాకు చూసిన డాక్టరమ్మ చెప్పిన మాట చెప్త. కిడ్నీల పని దాదాపు నాలుగింట మూడు వంతులు పోయినంకనే రక్తంల క్రియాటినిన్ పెరుగుతదట. అప్పటిదాంక మిగిలిన భాగమే బరువంతా మోస్తది, కుక్క మంచిగనే తిరుగుతది. రోజూ పక్కన ఉన్నోళ్లకు కూడా తెల్వది. నీది నిర్లక్ష్యం కాదు చెల్లె.

ఇప్పుడు డాక్టరును సూటిగ అడగాల్సింది ఒకటుంది. ఇది మెల్లగ వచ్చిన జబ్బా, ఒక్కసారి వచ్చిందా? ఎలుకల ఒంటేలు కలిసిన నీళ్లతోటి అంటే లెప్టోస్పైరా, పాము కాటు, ద్రాక్షపండ్లో కిస్మిస్సో తినుడు, ఇట్లాంటివాటితోటి కిడ్నీలు కొద్ది రోజులల్లనే దెబ్బతింటయి. అట్లయితే టైంకు సెలైన్లు పడితే కోలుకునే కుక్కలున్నయి. పోయిన వారం దాంక మంచిగ ఉరికిన కుక్క ఇప్పుడే పడిపోతే ఆ అడ్మిషనుకు అర్థం ఉంది, అప్పో సప్పో ఆలోచించొచ్చు. నెలల నుంచి నీళ్లు ఎక్కువ తాగుకుంట, బక్కపడుకుంట వస్తే మాత్రం అది పాత జబ్బు. ఈ పాత జబ్బును పశువైద్యులు నాలుగు దశలుగ చూస్తరు, క్రియాటినిన్ 5 దాటితే ఆఖరి దశ. కాకపోతే ఒంట్ల నీళ్లు తగ్గినప్పుడు రక్తం తీస్తే అంకె ఇంకా ఎక్కువ చూపిస్తది. అందుకే ఒక్క కాగితం చూసి అయిపోయింది అనుకోకు, కొంత సెలైన్ పడ్డంక కుక్క లేస్తదా లేదా చూడాలె.

ఇంకో మాట డాక్టరుకు ముందే చెప్పు: "సార్, మా దగ్గర ఇంతే ఉన్నయి. దీంట్ల వాడికి నొప్పి, వాంతులు లేకుంట ఏం చేయొచ్చు?" నేను ఇట్లనే అడిగిన. సిగ్గుపడాల్సిన పని లేదు. ఇట్ల అడిగితేనే డాక్టరమ్మ మళ్లీ మళ్లీ చేసే పరీక్షలు పక్కకు పెట్టి, వాంతుల మందు, కడుపుల మంట మందు, చర్మం కింద ఎక్కించే సెలైన్ రాసింది. ప్రాణం పోయేటప్పుడు పరీక్షల కన్నా నొప్పి తగ్గించే మందుకే పైసలు పెట్టాలని నాకు గట్టిగ అనిపిస్తది. గిరిగిరి అంటే రోజూ వచ్చి వసూలు చేసే వడ్డీవ్యాపారుల కాడ మాత్రం అప్పు తేవద్దు. కుక్క పోయినంక కూడా ఆ వసూలు మీ నాన్న కూలి మీద పడుతది.

ఎక్కడికి పోవాలంటే, ముందు మీ దగ్గరి సర్కారు పశువుల దవాఖానకు. అక్కడ బర్లు, గొర్లే కాదు, కుక్కలను కూడా చూస్తరు. ఇంకా కావాలంటే వరంగల్ నుంచి ఖమ్మం రోడ్డు మీద మామునూరుల పశువైద్య కాలేజీ ఉంది. పీవీ నరసింహారావు పేరు మీద ఉన్న విశ్వవిద్యాలయం కిందికి వస్తది అది (పీవీ పుట్టింది మీ నర్సంపేట పక్కన లక్నెపల్లిలనే). జగిత్యాల, కరీంనగర్ వైపు ఎవరన్న ఇది చదువుతుంటే, వాళ్లకు అదే విశ్వవిద్యాలయం కాలేజీ కోరుట్లల ఉంది. 1962 కు ఫోన్ చేస్తే వచ్చే బండ్లు 2017ల మొదలైనయి గానీ అవి ముఖ్యంగ పాడి పశువులు, జీవాల కోసం పెట్టినయి. కుక్క కోసం ఆ బండి మీదనే ఆశ పెట్టుకొని కూసోకు.

ఇంటి కాడ చేసేది ఎక్కువనే ఉంది, అది పేదోళ్లం కూడా చేయగలం. చర్మం కింద సెలైన్ సంగతి చెప్త. ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్) అనే సెలైన్ బాటిల్ మందుల దుకాణంల చవకనే దొరుకుతది. మెడ వెనక, భుజాల నడుమ వదులుగ ఉండే చర్మం పైకి లేపి సూది పెట్టి వదిలితే, నీళ్లు అక్కడ చిన్న సంచి లెక్క ఉబ్బి కొన్ని గంటలల్ల ఒంట్లకు ఇంకుతయి. బాటిల్‌ను గోరువెచ్చటి నీళ్లల్ల కొంతసేపు పెట్టి ఎక్కిస్తే కుక్కకు చలి పుట్టదు. ఎంత ఎక్కియ్యాలె, ఎన్ని రోజులకోసారి అన్నది డాక్టరే చెప్పాలె. గుండె జబ్బున్న కుక్కకు ఇది ప్రమాదం. డాక్టరమ్మ ముందట ఒకసారి నా చేతితోటే చేయించింది, తర్వాత మా ఆయన పట్టుకుంటే నేనే పెట్టిన.

నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ ఎత్తెయ్యకు. "గన్ని తాగితే గన్ని పోస్తది, నీళ్లు ఆపు" అని మా వాడకట్టులనే చెప్పినోళ్లున్నరు. ఆ కుక్క నీళ్లు తాగేది కిడ్నీ నీళ్లను పట్టుకోలేక, ఆపితే ఇంకింత జల్ది పడిపోతది. బొక్కలు, కార్జం బందు చేసి గుడ్డు తెల్లసొన కలిపిన మెత్తటి అన్నం పెట్టమన్నరు మాకు. ఆఖరి రోజులల్ల ఆ పత్యం కూడా వదిలిపెట్టమన్నది డాక్టరమ్మ, ఏది తింటే అది పెట్టమన్నది.

నొప్పి చూడలేక ఇంట్ల ఉన్న మనుషుల గోలీలు వేయకు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి పాడైన కిడ్నీని ఇంకా పాడుచేస్తయి. పిల్లి అయితే ఒక్క పారాసిటమాల్ గోలీతోటి పోతది. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోయినయి. అందుకే పశువులకు ఆ మందు వాడుడు 2006ల మన దేశంల నిషేధించిండ్రు.

ఇగ, టైం వచ్చిందని ఎట్ల తెలుస్తది? అలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు దీనికి ఏడు సంగతులు చూడమన్నది: నొప్పి, ఆకలి, ఒంట్ల నీళ్లు, శుభ్రం, సంతోషం, నడక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువున్నయా లేదా. ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులో వేసి కలిపితే, డెబ్భైకి 35 దాటినంత సేపు ఇంకా చూసుకోవచ్చు. మా బిడ్డ క్యాలెండర్ మీద మంచి రోజుకు టిక్కు, చెడ్డ రోజుకు ఇంటు పెట్టేది. మనసు రోజూ "ఇయ్యాల కొంచెం నయం" అని చెప్పుకుంటది, క్యాలెండర్ అట్ల చెప్పది. దాంతోపాటు నీ కుక్కకు బాగ ఇష్టమైన పనులు ఏవో రాసుకో. మా జిమ్మికి మా ఆయన ఎక్సెల్ బండి చప్పుడుకు వాకిట్లకు ఉరుకుడు, బియ్యం ఏరుతుంటే చాట పక్కన కూసునుడు ఇష్టం. బండి వచ్చి ఆగినా వాడు తల ఎత్తని రోజులు వరుసగ వచ్చినయి. క్యాలెండర్ నిండ ఇంటులే. అప్పుడు నేనే మా ఆయనతోటి సూది వేయిద్దాం అన్న.

పాపం సంగతి. మా అత్తమ్మ కూడా ఇదే అడిగింది, "నోరు లేని జీవి, దేవుడే తీసుకపోతడు కదా" అని. ఆమెకు నేను గాంధీ సంగతి చెప్పిన. 1928ల సబర్మతి ఆశ్రమంల ఒక లేగదూడ ఇగ బతకదని తేలి, పక్క మీద కదలలేక నొప్పితోటి కొట్టుకుంటుంటే, డాక్టరుతోటి సూది వేయించి దాన్ని ఆ నొప్పి నుంచి తప్పించిండు. ఆయనను తిట్టుకుంట మస్తు ఉత్తరాలు వచ్చినయి. అయినా అది హింస కాదు, అహింసనే అని పేపర్ల రాసిండు. చీమను కూడా తొక్కొద్దన్న మనిషి ఈ మాట అన్నడంటే అత్తమ్మ కొంతసేపు ఏం మాట్లాడలే. తర్వాత "మరి వానికి నొప్పి కాకుంట చేయిపియ్యి" అన్నది. దేవుని మీద వదిలేసుడు అని మనం అనుకునేది, కిడ్నీ జబ్బుల, నోట్ల పుండ్లు, ఆగని వాంతులు, ఫిట్స్‌తోటి నడిచే రోజులు. అది చూసినంక నాకు అనుమానం లేదు. అట్లని నీ మనసు ఒప్పకపోతే, నొప్పికి, వాంతులకు మందు ఇచ్చుకుంట ఇంట్లనే దగ్గరుండి సాగనంపినా తప్పు కాదు. మందు లేకుంట వదిలేసుడే తప్పు.

సూది ఎట్ల వేస్తరో చెప్త, తెలిస్తే భయం తగ్గుతది. ముందు మత్తు సూది, కుక్క నిద్రల పడుతది. తర్వాత నరంల నుంచి ఆపరేషన్లకు వాడే మత్తు మందునే ఎక్కువ మోతాదుల ఇస్తరు, నిమిషాలల్ల గుండె ఆగుతది. కండ్లు మూతపడయి. ఒకటి రెండు సార్లు పెద్దగ శ్వాస తీసినట్టు, కాళ్లు అదిరినట్టు అనిపిస్తది, ఒంటేలు పోతది. అప్పటికే దానికి తెలివి ఉండది, అది నొప్పి కాదు. "ముందు మత్తు ఇస్తరు కదా" అని అడిగి ఖాయం చేసుకో. కొందరు డాక్టర్లు ఈ పని మేం చేయం అంటరు, వాళ్లతోటి కొట్లాట పెట్టుకోకు, ఇంకొకరిని అడుగు. "విషం మందు పెట్టు", "మిల్లు కాడ వదిలేసి రా" అనేటోళ్ల మాట మాత్రం ఇనకు. ఆకలికి, దప్పికి చచ్చేటట్టు జంతువును వదిలేసుడు 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. విషం పెట్టి చంపుడు కూడా నేరమే, అది ఘోరమైన చావు.

బొంద సంగతి కూడా ముందే చూసుకో, ఆ రోజు కాళ్లు చేతులు ఆడయి. ఆ మందు ఒంట్లనే ఉంటది, కుక్కలో గద్దలో తవ్వి తింటే వాటికి ప్రాణం మీదికి వస్తది. అందుకే కనీసం నడుము లోతు తవ్వాలె, బాయికి దూరంగ. మాకు కొత్తవాడల జాగ లేదు, మా మేనమామ చెలకల పెట్టినం. మీ ఊర్ల చెలక ఎవరిదన్న ఉంటే ఇయ్యాలనే అడుగు. ఎండకు నేల గట్టిగ ఉంటది, గడ్డపార పట్టేటోళ్లు కావాలె.

మీ నాన్న "గంత ఖర్చా" అన్నడని మనసు కష్టపెట్టుకోకు. బస్తాలు మోసి తెచ్చిన పైసలు ఎటు పోతున్నయో చూసుకునే మనిషి అట్లనే అంటడు. ఆయనకు వేల లెక్క చెప్పకుంట, మందులకు ఇంత, సూదికి ఇంత, అంతే అని డాక్టరు చెప్పిన చిన్న లెక్క చెప్పు. పన్నెండేండ్లు ఆయన చేతి బువ్వ తిన్న కుక్క అది, ఆయనకు ప్రేమ లేదని నేను అనుకోను.

రేపు పొద్దుగాల ఎండ ముదరకముందే దవాఖానకు తీసుకపో. ఆటోల కింద పాత దుప్పటి పరువు, వాంతి చేసుకుంటది కావచ్చు. రక్త పరీక్ష కాగితం వెంట పెట్టుకో, లేకపోతే మళ్లీ అదే పరీక్షకు పైసలు కట్టాల్సి వస్తది. డాక్టరు ఏమన్నరో ఇక్కడనే రాయి, నేను చూస్త.