బస్తా మూతి విప్పు

తమ్ముడూ,

నీ కవర్ అందింది. కథ కంటే ముందు ఉత్తరం చదివి ఒళ్లు మండింది. "చిన్నవాణ్ణి, నా రాతలకు విలువ లేదు, తప్పులుంటే మన్నించండి" అని పేజీన్నర! కథ రాసినవాడేనా ఇది రాసింది? పత్తి ఏరొచ్చిన తల్లి, గీరుకుపోయిన వేళ్లతో అన్నం కలపలేక జన్మలో మొదటిసారి చెంచా అడిగిందని రాసినవు చూడు, అక్కడ ఆగిపోయిన.

"సొంత డబ్బా నాకు చేతకాదు సార్" అన్నావు. కొట్టమన్నదెవరు? మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయి చూడు. రైతు బస్తా మూతి విప్పుతాడు. ఖరీదుదారు లోపలిదాకా చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి, ఒకటి విరిచి రంగు చూస్తాడు. "తేజ రకం, మొదటి ఏరుడు" అంటాడు రైతు. అంతే. డప్పు కొట్టడు, మన్నించమనీ అనడు.

తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే సురవరం ప్రతాపరెడ్డి అలిగి కూర్చోలేదు. 354 మంది కవుల పద్యాలు పోగేసి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చిండు. మూతి విప్పడమంటే అదీ.

నేనూ నీలాంటోణ్ణే. మొదటి పుస్తకం 500 కాపీలు వేసి మంచం కింద దాచుకున్న. (అంతకుముందు ఒక ఎడిటర్ "ఈ భాష మా పాఠకులకు ఎక్కదు, మార్చి పంపండి" అన్నాడు. ఇప్పుడు వాళ్లే యాస కథలు కావాలంటున్నరు. పోనీ.) సంచిలో ఒక కాపీ ఉండేది, తీయాలంటే సిగ్గు. ఒకరోజు కరీంనగర్ బస్సులో, కండక్టర్ చిల్లర బాకీ రాసిచ్చిన టికెట్‌ను ఆ పుస్తకంలో పెట్టి మరిచిన. దిగేముందు వెతుకుతుంటే కండక్టర్ అడిగిండు, ఏం పుస్తకమని. "నేనే రాసిన, ఇంట్ల నుంచి వెళ్లిపోయిన ముసలమ్మ కథ" అన్నా. చెమటలు పట్టినయ్. ఆయన నాకియ్యాల్సిన చిల్లరకు పైన పది రూపాయలు కలిపి కొనుక్కున్నడు. నెల తర్వాత అదే బస్సులో, "ముసలమ్మ మళ్లీ కొడుకింటికి పోయిందా సార్?" అన్నడు.

ముప్పై వాట్సాప్ గ్రూపుల్లో లింకు పడేయకు. పదిమందికి పేరుపేరునా పంపు, కథలో ఏముందో రెండు వాక్యాలు రాయి. పుస్తకమొస్తే హన్మకొండ రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయానికి, 1904 నాటి లైబ్రరీ అది, నీ చేత్తో ఇచ్చిరా. శాలువా ఫొటోలు మాత్రం పెట్టకు. కప్పినోళ్లలో సగం మంది అట్ట కూడా తెరవరు. నా బీరువాలో పదకొండు శాలువాలున్నయ్.

నువ్వడిగిన ముందుమాట సంగతి తర్వాత చూద్దాం. చివరి పేరా కొట్టేసి, చెంచా దగ్గరే ఆపు. పుస్తకం నాకు ఉత్తగా పంపకు, ధరెంతో చెప్పు.

మీ అన్న