సీ బుక్కులో ఒక నంబరు, కారుపై మరో నంబరు: పాత అంబాసిడర్ కొనవచ్చా?

ప్రశ్న: మాది కాకినాడ. నేను ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. 1968 నాటి అంబాసిడర్ మార్క్ 2 కారు ఒకటి రూ.5.5 లక్షలకు అమ్మకానికి వచ్చింది. పాత పెట్రోల్ ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ పెట్టడంతో సీ బుక్కులోని ఇంజన్ నంబరుకు, కారులోని నంబరుకు పొంతన లేదు. చాసిస్ నంబరులోనూ ఒక అంకె తేడా ఉంది. అమ్మే ఆయన రూ.80 వేలు తగ్గిస్తానని, చాసిస్ నంబరును తానే మళ్ళీ కొట్టించి ఇస్తానని అంటున్నారు. నా దగ్గర రూ.9 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. రెండేళ్లలో మా అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరుతుంది. కొనమంటారా?

జవాబు: ఈ రెండు తేడాలనూ ఒకే గాటన కట్టకండి. ఇంజన్ నంబరు తేడా కారు విలువకు, ప్రభుత్వ అనుమతికి సంబంధించినది. చాసిస్ నంబరు తేడా మాత్రం ఆ సీ బుక్కు అసలు ఈ కారుదేనా అన్న ప్రశ్నకు సంబంధించినది. మొదటిదాన్ని బట్టి బేరమాడవచ్చు. రెండోది తేలేవరకు రూ.80 వేలు తగ్గించినా, రూ.3 లక్షలు తగ్గించినా కొనదగిన కారు కాదు.

ఒక్క అంకె తేడా వెనుక నేరమే ఉంటుందని నేను అనడం లేదు. చేతిరాత రిజిస్టర్లలోని వివరాలను కంప్యూటర్లలోకి ఎక్కించినప్పుడు 3 కాస్తా 8గా, 1 కాస్తా 7గా మారడం అసాధ్యమేమీ కాదు. ఇప్పటి కార్లకు ఉండే 17 అక్షరాల నంబరు 1980ల తర్వాత వచ్చిన పద్ధతి కాబట్టి, అంతకు ముందటి పొట్టి నంబర్లలో పొరపాటు పడితే నంబరును చూసి కనిపెట్టే మార్గం లేదు. ఇంటర్నెట్‌లో నంబరు కొట్టి సరిచూసే సాధనాలు కూడా ఇక్కడ పనికిరావు. అందుకే మూల రికార్డు చూడాలి. కారు మొదట నమోదైన రవాణా శాఖ కార్యాలయం నుంచి బి-రిజిస్టర్ (కార్యాలయంలో ఉండే వాహన నమోదు పుస్తకం) నకలు తీసుకోమని అమ్మే ఆయనను అడగండి. చాసిస్ లోహంపై కొట్టిన అంకెలకు పెన్సిల్ ప్రింటు తీయించి, దాన్ని ఆ నకలుతో పోల్చండి. రివెట్లతో బిగించిన రేకు ఫలకాన్ని మాత్రమే చూసి నమ్మవద్దు. దాన్ని ఊడదీసి మరో కారుకు బిగించడం పెద్ద పని కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో వెబ్‌సైట్‌లో చాసిస్, ఇంజన్ నంబర్లు ఇచ్చి, ఆ బండి చోరీ వాహనాల జాబితాలో ఉందో లేదో చూసే వీలుంది. సీ బుక్కులోని నంబరుతో ఒకసారి, కారుపై ఉన్న నంబరుతో మరోసారి, ప్రస్తుత ఇంజన్ నంబరుతో ఇంకోసారి వెతకండి.

మూల రికార్డు కారుతో సరిపోయి, సీ బుక్కులో మాత్రమే తప్పు దొర్లి ఉంటే, ప్రస్తుత యజమాని దరఖాస్తు చేసుకుని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ తర్వాత దాన్ని దిద్దించుకోవాలి. మూల రికార్డు కూడా కారుతో సరిపోకపోతే అక్కడితో ఆగిపోండి.

ఇక ‘మళ్ళీ కొట్టిస్తాను’ అన్న మాట నన్ను అన్నింటికంటే ఎక్కువగా కలవరపెట్టింది. తుప్పు వల్ల అంకెలు చెరిగిపోయిన బండికి కూడా రవాణా శాఖ ఉత్తర్వు లేకుండా నంబరు కొట్టకూడదు. వర్క్‌షాపులో అరగదీసి కొత్త అంకెలు కొడితే అది దిద్దుబాటు కాదు, సాక్ష్యాన్ని చెరిపేయడం. అడుగున ఉన్న పాత అంకెలను ఫోరెన్సిక్ ప్రయోగశాలలో రసాయనాలతో బయటకు తీయగలరు. అప్పుడు కారు పోలీస్ స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండి, వానకు తడుస్తుంది. కోర్టు తేల్చేదాకా మీ డబ్బు దానితోపాటే అక్కడ ఉంటుంది. దయచేసి ఆ ప్రతిపాదనకు మాటవరసకైనా ఒప్పుకోవద్దు.

ఇంజన్ సంగతికి వస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మార్పును రవాణా శాఖ అనుమతితో చేసి సీ బుక్కులో నమోదు చేయించాలి. లేకపోతే 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. మీ ధరకు సంబంధించిన అసలు విషయం మాత్రం వేరే ఉంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకే ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. మీరు చూసిన కారుకు వయసు ఉంది గానీ, దానితో వచ్చిన అసలు 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ లేదు. కాబట్టి దాన్ని వింటేజ్ కారుగా కాక, నడిచే పాత డీజిల్ అంబాసిడర్‌గానే లెక్కగట్టి ధర చెప్పండి. రూ.80 వేల తగ్గింపు అందుకు సరిపోదని నా అభిప్రాయం. రిజిస్ట్రేషన్ గడువు కూడా చూడండి. 20 ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజును 2025లో రూ.10,000 చేశారు.

బీమా విషయం చిన్నదే కానీ ముఖ్యం. ఐదేళ్లు దాటిన కార్ల విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకుంటారు. ప్రమాదం జరిగాక సర్వేయరు నంబర్లను సరిచూసినప్పుడు తేడా కనిపిస్తే, పాలసీ ఉన్నా క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

మీ డబ్బు సంగతి చూద్దాం. తగ్గింపు పోను మీరు ఇవ్వవలసినది రూ.4.7 లక్షలు. డిపాజిట్‌లో మిగిలేది రూ.4.3 లక్షలు. మరమ్మతులు, రంగు, సీట్ల పని దాని నుంచే రావాలి. అదే రూ.4.7 లక్షలు 7 శాతం వడ్డీతో ఐదేళ్లు ఉంటే సుమారు రూ.6.6 లక్షలు అవుతాయి. రెండేళ్లలో ఫీజులు కట్టవలసిన తండ్రిగా మీరు ముందు అమ్మాయి చదువుకు కావలసిన మొత్తాన్ని, ఆరు నెలల ఇంటి ఖర్చును పక్కన పెట్టండి. ఆ తర్వాత మిగిలిన దానిలో సరిపోతేనే కారు గురించి ఆలోచించండి. పర్సనల్ లోన్ మాత్రం వద్దు. రేపు లాభానికి అమ్ముదామన్న ఆలోచన ఉంటే ఇదీ గమనించండి: సొంత వాడకంలో ఉన్న కారుపై లాభానికి సాధారణంగా పన్ను ఉండదు గానీ, నిజంగా వాడినట్టు ఆధారం లేదని ఒక పాత ఫోర్డ్ కారు విషయంలో బాంబే హైకోర్టు 2025లో ఆ మినహాయింపును నిరాకరించింది.

ఇంకా ముచ్చట తీరకపోతే అమ్మే ఆయనతో స్టాంపు కాగితంపై ఒప్పందం రాసుకోండి. చాసిస్ నంబరు దిద్దుబాటు, ఇంజన్ మార్పు నమోదు రెండూ ఆయన పేరు మీద, ఆయన ఖర్చుతో మూడు నెలల్లో పూర్తి కావాలి. లేకపోతే అడ్వాన్సు మొత్తం వాపసు ఇవ్వాలి. అడ్వాన్సు రూ.10,000 మించకుండా, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. సంతకాలు పెట్టిన 29, 30 ఫారాలు (యజమాని పేరు మార్పిడి పత్రాలు) చేతికిచ్చి ‘పేరు తర్వాత మార్చుకోండి’ అంటే ఒప్పుకోవద్దు. మిగతా డబ్బు మీ పేరుతో సీ బుక్కు వచ్చిన రోజే. పేరు మారేవరకు ఆ కారు వల్ల జరిగే ప్రమాదాలకు రికార్డులో ఉన్న యజమానే బాధ్యుడు కనుక, పని త్వరగా ముగించాలన్న అవసరం ఆయనకూ ఉంటుంది. ఈ షరతులకు ఆయన ఒప్పుకోకపోతే ఆ కారును వదిలేయండి.