షిఫ్ట్ అప్పగింతలో మాట పడకుండా

మీ మందుల ఫ్యాక్టరీలో ముందు షిఫ్ట్ ఆయన లాగ్‌బుక్ (రీడింగులు రాసే పుస్తకం) సగమే రాసి వెళ్లిపోతున్నారు, దానికి మాటలు మీరు పడుతున్నారు అన్నారు కదా. ఆయన వదిలేసిన రీడింగులు మాత్రం మీరు నింపొద్దు. మందుల ఫ్యాక్టరీలో చూడని రీడింగుకు సంతకం పెడితే అది రికార్డు తారుమారే, ఆడిట్‌లో ఇరుక్కునేది మీరే.

15 నిమిషాలు ముందే వెళ్లి, ఆయన ఉండగానే రియాక్టర్ (మందు తయారయ్యే పెద్ద పాత్ర) దగ్గర చూసుకోండి: ఉష్ణోగ్రత, ప్రెషర్, బ్యాచ్ ఏ స్టెప్‌లో ఉంది, ఏ వాల్వ్ తెరిచి ఉంది. ఖాళీ కనిపిస్తే "9 గంటల రీడింగ్ రాసేసి వెళ్లన్నా" అనండి, అంతే. "నువ్వెప్పుడూ ఇంతే" అంటే గొడవ పని వదిలి మనిషి మీదికి పోతుంది. వినకపోతే మీ ఎంట్రీలో టైమ్ వేసి "అప్పగింతకు 9 గంటల రీడింగ్ లేదు" అని రాసి, అప్పుడే ఇన్‌చార్జికి చెప్పండి. తెల్లారాక చెబితే చాడీలా వినిపిస్తుంది.