మెడ, భుజం పట్టేస్తే మర్దన పనిచేస్తుందా? నా అనుభవం

పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి, మెడ నుంచి కుడి భుజం దాకా పట్టేసింది, మర్దన చేయించుకుంటే తగ్గుతుందా అని అడిగారు. తగ్గుతుంది. అయితే చేసేవారికి పని తెలిసి ఉండాలి, ఆ తర్వాతి పని మీరు చేయాలి. గ్రూప్స్‌కు చదివే రోజుల్లో నేనూ ఇదే బాధ పడ్డాను.

నల్లగొండలో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. పగలంతా గ్రంథాలయంలో, రాత్రి చాప మీద, పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదివేవాణ్ణి. మొదట మెడ బరువెక్కింది. తర్వాత నొప్పి కుడి కణత దాకా పాకింది. మాది మర్రిగూడ వైపు, తాగునీటిలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు దెబ్బతిన్నవాళ్లున్న ప్రాంతం. మెడలు, నడుములు బిగుసుకుపోయిన పెద్దవాళ్లను చూస్తూ బతికిన మా అమ్మ, ఫోనులో సంగతి వినగానే ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనేమోనని ఏడ్చింది. అందుకే డాక్టరుకు చూపించుకున్నాను. ఎముకల్లో దోషం లేదు, కండరాల నొప్పేనని ఫిజియోథెరపీకి పంపారు.

అంతకుముందు నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. క్షౌరశాలలో తల మర్దన చేశాక మెడను ఒక్కసారిగా పక్కకు తిప్పి టక్కుమనిపిస్తారు కదా, నేనూ చేయించుకున్నాను. ఆ రాత్రంతా కళ్లు తిరిగాయి. మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ పూసల రంధ్రాల గుండానే పైకి పోతాయి. అలా తిప్పినప్పుడు ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు అరుదుగానైనా ఉన్నాయి. కుర్చీలో కూర్చోగానే మెడ ముట్టుకోవద్దని చెప్పేయండి.

ఫిజియోథెరపిస్టు భుజం పైభాగమంతా బొటనవేలితో తడుముతూ ఒకచోట ఆగారు. చింతగింజంత ముడి. నొక్కగానే నొప్పి భుజంలో కాదు, కణతలో మెరిసింది! ఆ చోటునే కదలకుండా అదిమి పట్టి, "పదికి ఎన్ని మార్కుల నొప్పి?" అని అడిగారు. ఆరు అన్నాను. నిమిషం తిరిగేసరికి మూడుకు దిగింది. వేలి కింద ముడి మెత్తబడటం నాకే తెలిసింది. పళ్లు బిగపట్టి ఓర్చుకోవాల్సినంతగా నొక్కితే కండరం ఇంకా బిగుస్తుందని ఆమె చెప్పారు. తర్వాత తలను మెల్లగా ఎడమకు వంచి, అర నిమిషం సాగదీశారు. మర్నాడు కాస్త సలిపింది. మూడోనాటికి వెనక్కి తిరిగి చూడగలిగాను.

వారంలో నొప్పి మళ్లీ వచ్చింది, ఎందుకంటే నేను మళ్లీ అదే చాప మీద అలాగే వంగి కూర్చున్నాను. మన తల బరువు దాదాపు 5 కిలోలు. దాన్ని 60 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోల దాకా ఉంటుందని 2014లో ఒక వెన్నెముక శస్త్రవైద్యుడు లెక్కగట్టారు. యూరియా బస్తాలో సగానికి పైగా! ఇంట్లో నాయనమ్మ రామాయణం చదివిన వ్యాసపీఠం ఉంటే తెచ్చుకుని, దాన్ని పీట మీద పెట్టి పుస్తకాన్ని ఎత్తుకు లేపాను. అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది అదే.

అరగంటకోసారి లేచి, గడ్డాన్ని కిందికి వంచకుండా నేరుగా వెనక్కి నెట్టి ఐదు సెకన్లు ఆపండి. పదిసార్లు చాలు. భుజపు రెక్కలను వెనక్కి దగ్గరగా తెచ్చి వదలడం కూడా అంతే. రాత్రి పావుగంట వేడి కాపడం పెట్టుకోండి. సంచిని ఒకే భుజానికి తగిలించుకోవద్దు.

చేతిలో తిమ్మిరి, పట్టు తప్పడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం, పడిపోయిన తర్వాత మొదలైన నొప్పి, వీటిలో ఏదున్నా మర్దన జోలికి పోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. ఇవేవీ లేకపోతే ఈ రాత్రే పుస్తకాన్ని ఒళ్లోంచి తీసి ఎత్తులో పెట్టండి. ఫిజియోథెరపీకి రేపు వెళ్లినా ఫర్వాలేదు.