బావగారి పేరుతో కట్టిన చందా

ప్రశ్న: నేను హెచ్‌1బీ మీద టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. 2024 ఏప్రిల్‌లో మనవాళ్లలో ఒకాయన కాంగ్రెస్‌కు పోటీ చేస్తుంటే, ఇక్కడి పెద్దమనిషి ఒకరు ఫండ్‌రైజింగ్ డిన్నర్‌కు పిలిచారు. కాదనలేక నా కార్డు మీద 500 డాలర్లు ఇచ్చాను. 'పెద్ద మొత్తమైతే సిటిజన్ పేరు మీద ఇవ్వండి' అని ఆయనే వాట్సాప్ చేశారు. దాంతో సిటిజన్ అయిన మా బావగారి చేత 3,300 డాలర్లు కట్టించి, ఆ రాత్రే ఆ డబ్బు ఆయనకు జెల్ (బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే సర్వీసు)లో పంపేశాను. లిమిట్ దాటలేదు, ఏళ్ల తరబడి ట్యాక్సులు కడుతున్నాను, ఎవరినీ మోసం చేయలేదు. ఇప్పుడు గ్రీన్‌కార్డు ఫైలింగ్ దగ్గరపడింది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. 'నాకు బాకీ ఉన్న డబ్బే తీర్చావని పాత తేదీ వేసి కాగితం రాసుకుందాం' అంటున్నారు బావగారు. రాసుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ట్యాక్సులు, మొహమాటం, 'మనవాళ్లు' అన్నవి పక్కన పెడితే మిగిలేవి రెండే ప్రశ్నలు. సిటిజనో గ్రీన్‌కార్డు హోల్డరో కానివాళ్లు ఇక్కడి ఎన్నికలకు చందా ఇవ్వకూడదు. ఆ రోజు మీరు సిటిజనో గ్రీన్‌కార్డు హోల్డరో అయ్యారా? కాలేదు. ఆ డబ్బు ఎవరిది? మీది. కేసంతా ఇక్కడే ఉంది.

ట్యాక్సు వాదన కోర్టు ముందుకు ఎప్పుడో వెళ్లింది. వర్క్ వీసా మీద న్యూయార్క్‌లో ఉన్న ఒక లాయరు, ఒక డాక్టరు చందాలు ఇవ్వనివ్వమని, ఫ్లయర్లు అచ్చువేసి సెంట్రల్ పార్కులో పంచుకోనివ్వమని ఎన్నికల చందాలను చూసే ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ (ఎఫ్‌ఈసీ) మీద కేసు వేశారు. 2011లో ముగ్గురు జడ్జీల బెంచి కుదరదంది. ఆ తీర్పు రాసింది ఇప్పుడు సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్న కవనా. 2012లో సుప్రీంకోర్టు వాదనలైనా వినకుండా ఆ తీర్పును ఖాయం చేసింది. ఎన్నికల్లో కంపెనీల ఖర్చుకు అడ్డు తీసేసిన సిటిజన్స్ యునైటెడ్ తీర్పు తర్వాత అంతా ఫ్రీ, అభ్యర్థికి కాకుండా విడిగా ఖర్చుపెట్టే సూపర్ ప్యాక్ కమిటీకి ఇస్తే ఏమీ కాదని డిన్నర్లలో చెప్పేవాళ్లు ఈ తీర్పు చదవరు. పార్టీలు అభ్యర్థులతో కలిసి పెట్టే ఖర్చు పరిమితిపై సుప్రీంకోర్టులో 2025 డిసెంబరులో వాదనలు జరిగాయి. అది ఎటు తేలినా మీకు ఒరిగేదేం లేదు. అక్కడి గొడవ ఎంత డబ్బు అన్నది, మీ గొడవ ఎవరి డబ్బు అన్నది.

500 సంగతి చిన్నది. అసలు చిక్కు 3,300. ఇంకొకరి పేరు మీద చందా ఇవ్వడం 52 యూఎస్ కోడ్ 30122 కింద విడిగా ఒక నేరం. తెలిసి చేశారని తేలి, ఏడాది మొత్తం 2,000 డాలర్లకు చేరితే క్రిమినల్ కేసుకు దారి ఉంటుంది. పేరు అరువిచ్చిన బావగారూ అందులో ఉంటారు. రాజకీయ వ్యాఖ్యాత దినేశ్ డిసౌజా సిటిజన్, డబ్బూ సొంతదే. 2012లో సెనెట్‌కు పోటీ చేసిన స్నేహితురాలికి వేరేవాళ్ల పేర్ల మీద 20,000 డాలర్లు ఇప్పించి, 2014లో నేరం ఒప్పుకున్నారు. ఎనిమిది నెలలు రాత్రిపూట నిర్బంధ కేంద్రంలో గడపాలని శిక్ష పడింది. ఆయనకు తర్వాత ప్రెసిడెంట్ క్షమాభిక్ష దొరికింది లెండి.

ఇక సాక్ష్యం. 200 డాలర్లు దాటిన చందాదారుడి పేరు, ఉద్యోగం, యజమాని, తేదీ అన్నీ ఎఫ్‌ఈసీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. బావగారి ఎంట్రీ అక్కడ ఉంది. అదే రాత్రి అంతే మొత్తం వెళ్లిన జెల్ రికార్డు బ్యాంకులో ఉంది. మధ్యలో పెద్దమనిషి వాట్సాప్ మెసేజ్. ఈ మూడూ పక్కపక్కన పెడితే ప్రాసిక్యూటర్ కష్టపడాల్సిన పని లేదు. కోడ్ రాసి రెండుసార్లు టెస్ట్ చేసే మీరు, డిన్నర్ బల్ల దగ్గర ఫోన్‌లో వచ్చిన ఫారం చదవకుండా టిక్ పెట్టారా?

ఆ పాత తేదీ కాగితం మాత్రం రాయకండి. అది గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం. ఫెడరల్ విచారణను తప్పుదోవ పట్టించడానికి కాగితం సృష్టించడం 18 యూఎస్ కోడ్ 1519 కింద ఇరవై ఏళ్ల వరకు శిక్ష పడే నేరం. విచారణ ఇంకా మొదలుకాలేదన్న సాకు అక్కడ నిలవదు. హోటళ్ల వ్యాపారి సంత్ చత్వాల్ 2014లో ఒప్పుకున్నది చందాల నేరం ఒక్కటే కాదు, సాక్షిని ప్రభావితం చేశారన్న నేరం కూడా. వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయడం కూడా ఇదే దారి. బావగారికి ఏం చెప్పాలో మీరు నేర్పడం అంతకంటే ప్రమాదం.

లిమిటేషన్, అంటే కేసు పెట్టడానికి ఉన్న గడువు, ఐదేళ్లు, చందా ఇచ్చిన రోజు నుంచి. మీ లెక్కన 2029 ఏప్రిల్ దాకా. 2025 మేలో ఎఫ్‌ఈసీకి కోరం పోయింది కదా, ఇక ఎవరు అడుగుతారని ఎవరైనా అంటే వినకండి. నలుగురు కమిషనర్లు లేకపోతే ఆగేది కమిషన్ ఓటింగే. క్రిమినల్ కేసు పెట్టేది జస్టిస్ డిపార్ట్‌మెంట్, దానికి ఆ కోరంతో పని లేదు. గడియారమూ ఆగదు.

మీరు చేయాల్సింది ఇది. ఎన్నికల చట్టం తెలిసిన లాయర్‌ని మీకు ఒకరిని, బావగారికి వేరొకరిని పెట్టుకోండి. రేపు ఆయన ప్రయోజనం, మీ ప్రయోజనం ఒకటి కాకపోవచ్చు. క్యాంపెయిన్ ట్రెజరర్‌కి మీరే ఈమెయిల్ కొట్టకండి, అది మీ సంతకంతో నేరాంగీకారం అవుతుంది. లాయర్ ద్వారా తెలియజేస్తే, తెలిసిన ముప్పై రోజుల్లో ట్రెజరర్ 500 తిరిగి ఇవ్వాలి. 3,300 విషయంలో స్వచ్ఛందంగా ఎఫ్‌ఈసీ ముందుకు వెళ్తే జరిమానా తగ్గించే విధానం ఉంది. వెళ్లాలా వద్దా, ఎప్పుడు అన్నది లాయర్ ఫైలు చూసి తేల్చాలి.

ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి కూడా మొత్తం చెప్పాలి, గ్రీన్‌కార్డు దరఖాస్తు ఫారం ఐ-485 నింపకముందే. అరెస్టు కాకపోయినా ఏదైనా నేరం చేశారా అని అందులో అడుగుతారు. జవాబు మీరే ఊహించి రాయకండి. ఆ చందా పేజీలో టిక్ పెట్టిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా సంపాదించండి. 'సిటిజన్ లేదా గ్రీన్‌కార్డు హోల్డర్' అని ఉంటే ఒక కథ. 'సిటిజన్' అని మాత్రమే ఉంటే, పౌరసత్వం ఉందని అబద్ధం చెప్పారన్న ఆరోపణ వస్తుంది. దానికి ఇమ్మిగ్రేషన్ చట్టంలో మినహాయింపు దొరకడం దాదాపు అసాధ్యం.

ఆ అభ్యర్థి మళ్లీ నిలబడితే జీతం తీసుకోకుండా వాలంటీరుగా ఫోన్లు చేయండి, ఇంటింటికీ తిరగండి, చట్టం అడ్డుచెప్పదు. డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో తేల్చే మీటింగులో మాత్రం కూర్చోవద్దు.